పాడేరు పిలుపుకి స్పోర్ట్స్ బండి మీద వెళ్ళిన సంగతి

మాఘ శుద్ధ దశమి, శుక్రవారం, ఉదయం అయిదు గంటల నలభై నిమిషాలు. చోడవరంలో మా ఇంటి ముందు మా అబ్బాయి రమణ స్పోర్ట్స్ బండి స్టార్టు చేశాను. వెనక నా భార్య సత్యవతి ఎక్కింది. ఎక్కింది అని తేలిగ్గా రాశాను గాని, అరుగు మీద నిలబడి అక్కణ్ణుంచి ఎక్కాల్సి వచ్చింది. ఆ బండి వెనక సీటు అంత ఎత్తు. వెడల్పు చూస్తే పీటలో సగం కూడా ఉండదు.

వెళ్ళేది పాడేరు. పని ఒక్కటే. మా అమ్మాయి లక్ష్మి పెళ్ళి పదిరోజుల్లో ఉంది. సత్యవతి తమ్ముడు దేముడు, పిల్లకి మేనమామ, పాడేరు బజారులో గిన్నెల కొట్టు పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. మా వైపు పెళ్ళికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చేది మేనమామే. ఆ మేనమామని పిలవడానికి ఒక పద్ధతుంది. ఈ ఇంటి ఇల్లాలు ఆ ఇంటికి వెళ్ళి, ఆ ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి, నోటితో రమ్మని చెప్పాలి. మగవాడు పక్కన నిలబడి ముహూర్తం చెబుతాడు, అంతే. శుభలేఖ ఉత్త కాగితం. బొట్టు పెట్టకపోతే అది కబురే గాని పిలుపు కాదు.

దేముడికి ఈ విషయంలో పట్టింపు ఎక్కువ. మూడేళ్ళ కిందట మేము కొత్త ఇంట్లోకి దిగినప్పుడు తీరిక లేక ఫోన్ చేసి రమ్మన్నాం. ఆ రోజు పది గంటలకి అతనూ ఫోనే చేశాడు. "ఫోన్లో పిలిసేరు గదా బావా, ఫోన్లోనే వచ్చేను. భోజనాలయ్యేయా?" అన్నాడు. ఈసారీ అలాంటిదేదైనా జరిగితే మేనమామ లేకుండా లక్ష్మి బుట్ట ఎక్కాలి. అందుకే అతని గడప తొక్కకుండా ఇంకెవరికీ శుభలేఖ ఇవ్వకూడదని సత్యవతి అనుకుంది.

బస్సులో పోదామని కూడా అంది. వద్దన్నది నేను.

## చోడవరం

ఎందుకు వద్దన్నానో దాచకుండా రాస్తాను. ముప్ఫై ఏళ్ళు మోపెడ్ మీద బెల్లం దిమ్మలు, ఎరువు బస్తాలు, దూడ గడ్డి మోశాను. బండి అంటే నాకు బరువు మోసే జంతువు. రెండేళ్ళ కిందట రమణ ఈ నూటయాభై సీసీ స్పోర్ట్స్ బండి కొన్నప్పుడు నోటికొచ్చినట్టు తిట్టాను. దీనికి క్యారేజీ లేదు, కొక్కెం లేదు, చీర కట్టిన మనిషి కాలు పెట్టుకోవడానికి పక్కన జాలీ లేదు. సంసారానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు. తరవాత ఒక ఆదివారం, వాడు నిద్రపోతున్నప్పుడు, చెరుకు తోటల మధ్య దారిలో ఒకసారి నడిపి చూశాను. ఆ తరవాత ఆదివారం కోసం చూడ్డం మొదలుపెట్టాను. అరవై ఆరేళ్ళవాడిని, ఇలా రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆ శుక్రవారం రమణ డ్యూటీకి కంపెనీ బస్సులో పోయాడు. బండి ఖాళీ. పాడేరు ఘాట్ రోడ్డు నా కళ్ళలో మెదిలింది.

సత్యవతి సీటు చూసి ఒక మాట అంది.

"ఇదిగో, పక్కకి కూకుంటే నిలవదు. మొగోళ్ళలాగ కాలు ఇటోటి అటోటి ఏసి కూకుంటాను."

"సిగ్గునేదా? పెళ్ళికూతురి తల్లివి. ఊరు సూస్తాది. బుద్ధిగా పక్కకి కూకో."

ఊరంతా నిద్రలో ఉంది. చూడ్డానికి ఎవరూ లేరు. అయినా అన్నాను.

## వడ్డాది

వడ్డాది చేరేసరికి తెల్లారింది. సంత రోజు కాకపోయినా వంకాయల గంపలతో రోడ్డు పక్క నిండుగా ఉంది. నా రెండు అరచేతులూ తిమ్మిరెక్కాయి. ఈ బండి మీద వెన్ను నిటారుగా పెట్టడం కుదరదు. ట్యాంకు మీదికి వంగి, బరువంతా మణికట్ల మీద మోపి, మెడ పైకెత్తి చూడాలి. పాతికేళ్ళ వాళ్ళకి అది దర్జాగా ఉంటుంది. నా వయసులో అలా వంగితే చూసేవాడికి కడుపునొప్పి వచ్చినవాడిలా కనిపిస్తాను.

పాక హోటల్లో ఇడ్లీ తిన్నాం. ప్లేటు ముప్ఫై, టీ పది. చోడవరం కన్నా అయిదు తక్కువ, అల్లం చట్నీ మటుకు రెండింతలు బాగుంది. హోటలు ఆవిడ గంటె పట్టుకుని బయటికి వచ్చి బండినీ మమ్మల్నీ మార్చి మార్చి చూసింది.

"ఏటమ్మా, గోడెక్కి కూకున్నట్టు కూకున్నావు? ఎక్కడికి?"

"పాడేరు. తమ్ముడింటికి పిలుపుకి," అంది సత్యవతి.

"ఈ బండి మీదేనా? అయ్యగారికి వయసు తిరిగొచ్చిందేటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే ఆ మాటకి లోపల సంతోషించాను. హోటలు ఆవిడ మాత్రం నవ్వు ఆపి సత్యవతి కుచ్చెళ్ళ వైపు చూసింది.

"సెంగు దోపుకో తల్లీ. ఈ బండికి గొలుసు బయటికే ఉంటాది."

దోపుకుంది. కానీ పట్టుచీర. అయిదు కిలోమీటర్ల కన్నా నిలవలేదు.

## వడ్డాది దాటాక

మాఘంలో మా వైపు రోడ్ల మీద చెరుకు ట్రాక్టర్లదే రాజ్యం. జారిపడిన గడలు, ఎండుటాకు రోడ్డంతా పరుచుకుని ఉంటాయి. మోపెడ్ వాటి మీద తడబడుతూ పోయేది. ఈ బండికి మాత్రం టైరు మొండిది, కానీ మీద కూర్చున్న మనిషి ఆ కుదుపు తట్టుకోలేడు. ఒక గడ తప్పించబోయి పక్కకి వంచాను. వెనక సత్యవతి ఒరిగింది, దోపిన చీర ఊడింది. కుచ్చెళ్ళు గొలుసులోకి పోయాయి.

బండి వేగం తక్కువే. దేవుడి దయ. ముందు చీర పర్రుమన్న చప్పుడు, తరవాత ఇద్దరం ఎడమ పక్కకి పడ్డాం. నాకు మోచెయ్యి గీరుకుపోయింది. సత్యవతి లేవబోతూ కాలు ఊనింది. ఊనిన చోట ఎర్రగా కాలిన సైలెన్సర్ ఉంది. ఈ బండ్లకి సైలెన్సర్ పైకి లేచి, సరిగ్గా ఆడమనిషి పిక్క దగ్గర ఉంటుంది.

ఆమె కేక పెట్టలేదు. పళ్ళ మధ్య నుంచి గాలి పీల్చింది, అంతే. నేను మొదట ఏం చూశానో తెలుసా? బండి పక్కన ప్లాస్టిక్ పలక పగిలిందా అని చూశాను. పగిలింది. "అయ్యో, రమణగాడు సంపేస్తాడు," అన్నాను. ఆ తరవాతే ఆమె కాలు చూశాను. నేను ముందు బండిని చూడ్డం సత్యవతి చూసింది. ఆ సంగతి నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

## మాడుగుల

మాడుగులలో ఆర్ఎంపీ డాక్టరు మందు రాసి గుడ్డ కట్టాడు. బస్సులు ఆగే చోట హల్వా కొట్టుంది. కొట్టు ఆవిడ బెంచీ ఇచ్చి, చీర చిరుగు కనపడకుండా మడిచి పిన్నులు పెట్టింది. వెనక పెరట్లో గోధుమలు నానబెట్టిన గంగాళం, పాలు తీసే గుడ్డ, నెయ్యి వాసన. రెండు రోజులు నానిన గోధుమ పాలు చక్కెరతో, నేతితో గంటల తరబడి తిప్పితే గాని ఆ హల్వా రాదట. బెల్లం వండినవాణ్ణి కాబట్టి ఆ తిప్పే చెయ్యి కష్టం నాకు తెలుసు. పావుకిలో నూటయాభై అంది. అరకిలో కట్టమన్నాను.

"ఎవలికి?" అని అడిగింది సత్యవతి.

"దేముడికి."

"తమ్ముడికి హల్వా ఎందుకు? నన్ను సూపించు, సాలు. తొమ్మిదిన్నరకి బస్సుందట. బండి ఇక్కడెట్టీ, ఇద్దరం ఎల్దాం."

ఇక్కడే నేను తప్పాను. ఆ రోజు జరిగిందంతా ఈ మాట దగ్గరే ఉంది. పంతులు పదకొండున్నరకి వర్జ్యం వస్తుందని, అంతకు ముందే పిలవమని చెప్పాడు. అది చేతికి దొరికింది.

"బస్సు ఎప్పుడొస్తాదో ఎవలికి తెలుసు? వర్జ్యం వచ్చెస్తాది. ఇద్దరితో ఈ బండి గాటెక్కదు. నాను ముందెల్లి దేముడితో మాట అనేస్తాను. నువ్వు ఇక్కడే కూకో."

"నన్నొగ్గేసి ఎల్తావా?"

"ఒగ్గేడం ఏటే? కాలిన కాలుతో నువ్వేం వస్తావు? పని సూసుకొచ్చెస్తాను."

"బొట్టు ఎవలు ఎడతారు?"

"దేముడేం పరాయోడా? అర్దం సేసుకుంటాడు."

సంచీ భుజాన వేసుకున్నాను. శుభలేఖ, కుంకుమ భరిణె, తాంబూలం అన్నీ అందులోనే ఉన్నాయి. హల్వా కొట్టు ఆవిడ గరిటె తిప్పడం ఆపి నా వైపు చూసింది. 

## ఘాట్

చదివేవాళ్ళు నన్ను తిట్టుకుంటారు, తిట్టుకోండి. అబద్ధం మాత్రం రాయను. ఆ తరవాతి గంట నా జన్మలో అంత బాగున్న గంట ఇంకోటి లేదు.

వెనక బరువు లేదు. కొండ మొదలైంది. మలుపు దగ్గర బండి వంచితే దానంతటదే తిరుగుతుంది, మళ్ళీ లేస్తుంది, ఇంకో మలుపు. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య మంచు, వాటికి చుట్టుకున్న మిరియాల తీగ, కింద కాఫీ మొక్కలు. ఇంజను చిన్నది కాబట్టి గేరు మార్చి మార్చి పట్టి లాగాలి. ఆ లాగడంలోనే ఉంది అంతా. మోపెడ్ నన్ను ముప్ఫై ఏళ్ళు మోసింది, కానీ ఒక్క మలుపులో కూడా నాతో కలిసి వంగలేదు.

అమ్మవారి పాదాల దగ్గర అందరూ బండ్లు ఆపి దండం పెడతారు. నేనూ ఆపాను. వేళ్ళు ముడుచుకోవడం లేదు. అక్కడ విశాఖపట్నం నుంచి వచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళు ఉన్నారు. ఒకడి పేరు కిరణ్, రెండోవాడు జోసెఫ్. ఇద్దరివీ నా బండి లాంటివే. చలికి కాఫీ తాగుతున్నారు, కప్పు పదిహేను.

"తాతగారూ, బండి సూపర్. మీదేనా?" అన్నాడు కిరణ్.

"మా గుంటడిది. దీని కన్నా పెద్ద ఇంజన్లు వచ్చేయి గదా, మీరు కొనలేదేటి?"

"పెద్దదైతే ఈ మలుపుల్లో సగం కూడా వాడలేం, భయమేస్తాది. ఇది సిన్నది కాబట్టి ఉన్నదంతా వాడుకోవచ్చు."

జోసెఫ్ నవ్వాడు. "వీడికి నడుం నొప్పి, తాతగారూ. రాత్రికి బామ్ రాయమంటాడు. అది సెప్పడు."

మేం మాట్లాడుకుంటుండగా ఒక బండి కింద నుంచి వచ్చింది. అదీ నూటయాభై సీసీ స్పోర్ట్స్ బండే, రంగు పోయి ఉంది. కొండ మనిషి నడుపుతున్నాడు. మధ్యలో బిడ్డ. వెనక అతని భార్య, చీర మోకాళ్ళ దాకా బిగించి కట్టి, కాలు ఇటొకటి అటొకటి వేసుకుని, చంకలో కోడితో దర్జాగా కూర్చుంది. ముగ్గురితో, కోడితో కలిపి బండి మా ముందు నుంచి ఎక్కి పోయింది. ఎవరూ తలతిప్పి కూడా చూడలేదు. ఇద్దరితో ఘాట్ ఎక్కదని నేను చెప్పి గంట కూడా కాలేదు.

దాని వెనకే పాడేరు బస్సు. సగం సీట్లు ఖాళీ. టైము చూశాను. పది దాటి అయిదు నిమిషాలు.

కాఫీ చేదెక్కింది.

## పాడేరు

దేముడి కొట్టు ముందు స్టీలు బిందెలు దొంతరలుగా ఉంటాయి, వెనక ఇల్లు. బండి చప్పుడికి దేముడి భార్య రాములమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నా వెనక్కి చూసింది. రోడ్డు ఆ చివరిదాకా చూసింది.

"వదినేదీ అన్నయ్యా?"

"మాడుగుల్లో ఉంది. సిన్న దెబ్బ తగిలింది."

దేముడు గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు. జరిగింది చెప్పాను. నేను చెప్పడం మొదలుపెట్టినప్పుడు అతని మొహంలో భయం ఉంది. అయ్యేసరికి భయం పోయి ఇంకోటి వచ్చింది.

"కాలు కాలినదాన్ని బెంచీ మీద ఒగ్గేసి నువ్వు గాటెక్కీసేవా బావా?"

"ముహూర్తం దాటిపోతాదని."

"ఏటి ముహూర్తం? బొట్టు ఎడతానికొచ్చేది అప్ప. అప్ప నేని ముహూర్తం ఎవలికి కావాలి?"

నేను భరిణె, శుభలేఖ తీసి బల్ల మీద పెట్టాను.   రాములమ్మతో అన్నాను, "అమ్మా, పక్కింటి చిలకమ్మని పిలు. ఆవిడ పుణ్యస్త్రీ గదా. మా తరపున ఆవిడ సేత బొట్టెట్టిద్దాం."

చిలకమ్మ అప్పటికే గోడ మీంచి చూస్తోంది. "నన్ను దీంట్లోకి లాగకండి బాబూ," అంది.

"పక్కింటావిడ ఎడితే పక్కింటి పెళ్ళికే ఎల్తాను అన్నయ్యా," అంది రాములమ్మ. కోపంగా అనలేదు. అది ఇంకా బాధ.

సత్యవతికి దేముడు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు, ఎత్తలేదు. పీట వేసి, నాకు విస్తరాకు వేయించాడు.

"అన్నం తిను. ఆకలితో పంపితే మా అప్పకి మాటొస్తాది. ఆ కార్డు మటుకు ముట్టుకోను."

అన్నం, చిక్కుడు గింజల పులుసు, నల్లజీలకర్ర వేసిన పచ్చడి. చలిప్రాంతం చిక్కుడు రుచే వేరు. ఇలాంటి రోజున రుచి తెలిసినందుకు నా నాలుక మీద నాకే అసహ్యం వేసింది. నేను తింటున్నంతసేపూ శుభలేఖ బల్ల మీదే ఉంది. దాని మీద లక్ష్మి పేరు. నాకు యాభై దాటాక అక్షరాలు నేర్పింది ఆ పిల్లే, తను అయిదో తరగతిలో ఉండగా, పలక మీద, తప్పు రాస్తే తల మీద మొట్టి. ఆ కార్డు అచ్చుకి ఇచ్చే ముందు ప్రతి అక్షరం నేనే చదివి దిద్దాను. ఎవరూ తీసుకోని కార్డు సంచీలో పెట్టుకుని లేచాను. హల్వా మాత్రం పిల్లల కోసం ఉంచారు.

## కిందికి

స్పోర్ట్స్ బండి మీద ఘాట్ దిగడం ఎక్కడం లాంటిది కాదు. ఒళ్ళంతా ముందుకు జారి మణికట్ల మీద పడుతుంది. ప్రతి మలుపూ ఒక పోటు. ఎక్కేటప్పుడు నాతో వంగిన బండే, దిగేటప్పుడు నన్ను తోసేస్తోంది.

మాడుగులలో బెంచీ ఖాళీగా ఉంది.

"ఎల్లిపోయింది బాబూ," అంది హల్వా కొట్టు ఆవిడ. "చోడవరం బస్సెక్కింది."

"ఏటైనా అందా?"

ఆవిడ గరిటె గంగాళం అంచుకి ఆనించి పెట్టి నాకేసి తిరిగింది.

"నువ్వెల్లిన తరవాత పైకెల్లే బస్సు వచ్చింది. టైముకే వచ్చింది. కుంటుకుంటా ఎల్లి ఎక్కబోయింది. నేనే సెయ్యి పట్టేను. మెట్టు మీద కాలెట్టి, కుంకం బరిణి నేదు గదా, ఒట్టి సేతుల్తో పుట్టింటికెల్లి ఏటి సెయ్యను అని దిగిపోయింది. కండక్టరు తిట్టేడు కూడా. నువ్వు ఆ సంచీ ఇక్కడ ఒగ్గేసి ఎల్లినా సరిపోయేది."

ఆవిడ గరిటె తీసుకుని మళ్ళీ తిప్పింది.

## ఆ తరవాత

ఇంటికెళ్ళి చూస్తే సత్యవతి పెరట్లో పప్పు చెరుగుతోంది. నేను జరిగింది చెప్పబోతే "తెలుసు," అంది. నేను బయల్దేరాక దేముడు మళ్ళీ చేసిన ఫోన్ ఎత్తిందని అప్పుడు అర్థమైంది. పగిలిన ప్లాస్టిక్ పలక గురించి రమణ ఒక్క మాట కూడా అనలేదు. అమ్మ కాలు చూసి, బండి తాళం తీసి బీరువాలో పెట్టేశాడు.

ఆదివారం తెల్లారి సత్యవతి నన్ను లేపకుండా లక్ష్మిని తోడు తీసుకుని మొదటి బస్సులో పాడేరు పోయింది. ఆ కుంటి కాలుతో రాములమ్మకి బొట్టు పెట్టి పిలిచి వచ్చింది. ముందు రోజు రాత్రే, రమ్మంటే నేనూ వస్తానన్నాను. "ముహూర్తం సెప్పడానికి లక్ష్మి ఉంది. దానికి సదూకోడం వచ్చు," అంది.

దేముడు పెళ్ళికి వచ్చాడు. అప్పకి పట్టుచీర తెచ్చాడు. లక్ష్మిని బుట్టలో ఎత్తి, మొహం ఎర్రబడేలా మోసి తెచ్చాడు. నేను ఎదురెళ్ళి నీళ్ళిచ్చాను. అందుకుని "మీకెందుకండి శ్రమ, మీరు కూర్చోండి," అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా బావా, నువ్వు అన్న మనిషి. అందరి ముందూ మర్యాదగా మాట్లాడాడని మా వాళ్ళు మెచ్చుకున్నారు.

కొనాలనుకునే కుర్రవాళ్ళు కొనుక్కోండి. ఒంటరిగా కొండ ఎక్కడానికి ఆ బండిని మించింది లేదు. ఇద్దరుగా బతికేవాడికి మాత్రం అది పనికిరాదని చెప్పబోయి ఆగాను. కొండమీది ఆ ముగ్గురూ ఎక్కి పోయారు గదా. పనికిరానిది బండి కాదు.

ఆ శుక్రవారం నాడు ఉన్నవాళ్ళ పేర్లు రాసి ముగిస్తాను. వడ్డాదిలో పాక హోటలు ఆవిడ, పేరు అడగలేదు. మాడుగులలో ఆర్ఎంపీ డాక్టరు, హల్వా కొట్టు ఆవిడ, ఆవిడ పేరు పైడితల్లి అని తరవాత సత్యవతి చెప్పింది. అమ్మవారి పాదాల దగ్గర కిరణ్, జోసెఫ్, ముగ్గురు కొండవాళ్ళు. పాడేరులో దేముడు, రాములమ్మ, గోడ అవతల చిలకమ్మ, నేను. మాడుగుల బస్సు మెట్టు మీద కాలు పెట్టి దిగిపోయిన సత్యవతి.